కంప్యూటరు లేవకపోతే ఏమి చేయవలెను?

కాగితాలు చెదలు తింటాయని, తాతగారు వ్రాసిన ఉత్తరాలను, వంశవృక్షాలను, అమ్మమ్మ గొంతులో పట్టుకున్న మంగళహారతులను మనలో చాలామంది కంప్యూటరులోకి ఎక్కించి నిశ్చింతగా ఉన్నాము. తెలుగు నాటికి దూరంగా తరతరాలుగా కాపురముంటున్న కుటుంబాలకు అవి మళ్లీ దొరికే సొత్తు కాదు. అటువంటి యంత్రం ఒకనాటి ఉదయం మీట నొక్కినా లేవకపోతే ఇల్లంతా కంగారు పడడం సహజమే. కాని అసలు నష్టం తరచుగా ఆ కంగారులో చేసే పనులవల్లనే కలుగుతుంది. అందువల్ల ఈ నెల ఆ విషయమై నాలుగు మాటలు మనవి చేయదలచాము.

లేవకపోవడం అంటే ఒకే జబ్బు కాదు. మీట నొక్కినది మొదలు తెరమీద మనకు తెలిసిన బొమ్మ వచ్చేవరకు యంత్రం నాలుగు మెట్లు ఎక్కుతుంది. మొదటిది కరెంటు అందడం. రెండవది, మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్పులో వ్రాసి ఉంచిన ఆదేశాలు మేలుకోవడం. వీటినే ఫర్మ్‌వేర్ అంటారు. పాత యంత్రాలలో దీని పేరు బయాస్, కొత్తవాటిలో యు.ఇ.ఎఫ్.ఐ. మూడవ మెట్టులో ఈ ఫర్మ్‌వేర్ ర్యామును, కీబోర్డును, డిస్కును పరీక్షించి చూస్తుంది. నాలుగవ మెట్టులో డిస్కుమీది విండోస్‌నో లినక్స్‌నో పిలిచి పెత్తనం దానికి అప్పగిస్తుంది. ఏ మెట్టు దగ్గర ఆగిందో కనిపెడితే సగం వైద్యం అయినట్టే.

దీపం వెలగక, లోపలి పంకా తిరగకపోతే అది మొదటి మెట్టు. ప్లగ్గును వేరొకచోట పెట్టి చూడండి. పెట్టె వెనుకనుండే చిన్న స్విచ్చిని కూడ చూడండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జరు తీసి, మీటను అర నిమిషం నొక్కిపట్టి వదలి, తిరిగి ఛార్జరు తగిలించండి. పవరు సప్లై డబ్బాను మాత్రం ఇంట్లో విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చును. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే యంత్రాన్ని ఆపి, తెలిసినవారికి అప్పగించడమే క్షేమం.

పంకా తిరుగుతూ తెర నల్లగా ఉంటే, ముందు తెర తీగను, దాని స్విచ్చిని చూచుకోవలెను. కొన్ని యంత్రాలు కూతలు కూసి తమ బాధ చెప్పుకుంటాయి. ఆ కూతల లెక్క ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క విధం గనుక యంత్రంతో వచ్చిన పుస్తకంలోనే అర్థం వెదకాలి. చాలాసార్లు ర్యాము పలక తన గాడిలో సరిగా కూర్చోకపోవడమే కారణం. ప్లగ్గు తీసి, చేతితో ఏదైనా లోహపు వస్తువును తాకి, ఆ పలకను తీసి మళ్లీ గట్టిగా అమర్చవలెను. రెండు పలకలుంటే ఒక్కొక్కటే పెట్టి చూస్తే చెడినది బయటపడుతుంది.

రోజూ గడియారం ఏనాటిదో తేదీ చూపిస్తూ, సర్దుబాట్లు మళ్లీ చేయమని యంత్రం అడుగుతుంటే, మదర్‌బోర్డు మీది నాణెం వంటి బ్యాటరీ అయిపోయిందన్నమాట. సాధారణంగా అది 3 వోల్టుల సి.ఆర్. 2032. కొత్తది వేస్తే సరిపోతుంది. పాతదానిని మాత్రం పసిపిల్లలకు అందనీయకండి. మింగితే 2 గంటలలోపలే అన్నవాహిక కాలిపోవచ్చును. మింగినట్టు అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవలెను.

డిస్కు కనబడలేదని తెరమీద వస్తే, ముందు తగిలించి మరచిన పెన్ డ్రైవును తీసివేయండి. తరువాత ఫర్మ్‌వేర్ తెరలో డిస్కు పేరు ఉన్నదేమో చూడండి. డిస్కు టక్కు టక్కుమని శబ్దం చేస్తుంటే పదే పదే ప్రయత్నించక వెంటనే ఆపివేయండి. ప్రతి ప్రయత్నమూ అందులోని సొత్తును మరికొంత అరగదీయవచ్చును.

రెండవ మెట్టు చెడడానికి పెద్ద ఉదాహరణ 1999 ఏప్రిల్ 26న జరిగింది. సి.ఐ.హెచ్. అనే వైరస్ ఆనాడు ఎన్నో యంత్రాల డిస్కుల మొదటి భాగాన్ని చెరిపింది. కొన్నింటిలో బయాస్ చిప్పును కూడ చెరిపివేసింది. ఆ చిప్పును మార్చడమో, తిరిగి వ్రాయించడమో తప్పలేదు. ఫర్మ్‌వేర్‌ను కొత్తది చేసేటప్పుడు మధ్యలో కరెంటు పోయినా అదే గతి పట్టవచ్చును. కనుక అవసరం లేనిదే ఆ పనికి పూనుకోరాదు. పూనుకుంటే సరిగ్గా ఆ మోడలుకే చెందిన ఫైలుతో, యు.పి.ఎస్. ఆధారంతో చేయవలెను.

నాలుగవ మెట్టుకు ఉదాహరణ 2024 జూలై 19న చూశాము. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక లోపపు ఫైలువల్ల సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు లేచీ లేవక పడిపోయినవని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగు పాసులు చేత్తో వ్రాసి ఇచ్చారు. ఆ యంత్రాలలో ఏ అవయవమూ చెడలేదు. సేఫ్ మోడులో ఆ ఒక్క ఫైలును తీసివేయగానే లేచి కూర్చున్నవి. అయితే డిస్కుకు తాళం వేసి ఉన్నచోట తాళపుచెవి లేక పని నిలిచిపోయింది.

ఆ తాళం మన ఇండ్లలోనూ ఉన్నది. ఇటీవలి విండోస్ యంత్రాలు అనేకం మనకు తెలియకుండానే బిట్‌లాకర్ పద్ధతిలో డిస్కుకు తాళం వేసుకుంటాయి. మదర్‌బోర్డు చెడినంత మాత్రాన డిస్కు చెడదు. దానిని వేరొక యంత్రానికి తగిలించి మన సొత్తు తీసుకోవచ్చును. కాని తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఫర్మ్‌వేర్‌ను మార్చినప్పుడు కూడ అడగవచ్చును. అది లేకపోతే ఎంతటి నిపుణుడైనా చేయగలిగినది లేదు.

కాబట్టి సోదర సోదరీమణులకు మా విజ్ఞప్తి రెండే. యంత్రం బాగా నడుస్తుండగానే ఆ అంకెలను కాగితం మీద వ్రాసి ఇంటి దస్తావేజులతో భద్రపరచండి. ఉత్తరాలకు, ఫోటోలకు, పాటలకు వేరొక డిస్కులో నకలు తీసి, వీలైతే మరొక వూరిలోని బంధువుల ఇంట ఉంచండి. మరమ్మతు దుకాణంలో ఫార్మాట్ చేస్తామంటే, నకలు ఉన్నదని రూఢి చేసుకోనిదే ఒప్పుకోకండి. యంత్రం పోతే కొనుక్కోవచ్చును. అమ్మమ్మ గొంతు ఏ అంగడిలోనూ దొరకదు.