వానకు చెడని పరుగుబాట

ఇంటి వాకిలి నలికి ముగ్గుపెట్టు మనకు నేల గుణము తెలియనిది కాదు. సరిగా అణచని నేల యొక్క వానకే గుంటలు పడును. పరుగుపందెముల బాటకును పూర్వ మిదియే గతి. పాశ్చాత్యదేశములలో బొగ్గు కాలగా మిగిలిన చిట్టెమును పొడిచేసి, పఱచి, రోలరుతో అణచి బాట చేయుచుండిరి. వాన కురిసినచో నది బురదయై, పరుగిడువారి కాళ్లు దిగబడుచుండెను.

1928లో ఆంస్టర్‌డాం ఒలింపిక్ క్రీడలందు స్త్రీలు మొదటిసారి 800 మీటర్లు పరుగిడినది అట్టి బాటపైననే. పందెము ముగియగానే కొందరు అలసి చతికిలబడగా, అంత దూరము స్త్రీలకు తగదని పత్రికలు గగ్గోలుపెట్టెను. మఱల 1960 వఱకు ఆ పందెము జరుగలేదు. అలసి కూలిన పురుషుల పందెముల నెవ్వరైన మాన్పించిరా?

1968లో మెక్సికో నగరమున ఒలింపిక్ క్రీడలు తొలిసారి కృత్రిమపు బాటపై జరిగెను. నేల బాగుపడెను గాని, ఆ యేటను స్త్రీలకు 800 మీటర్లే హద్దు. 1500 మీటర్ల పందెము 1972లోను, మారథాను 1984లోను గాని వారికి దక్కలేదు.

ఈ బాట నెట్లు వేయుదురు? క్రింద కంకరయు, దానిపై తారు కలిపిన పొరయు చదునుగా పఱచి, నీరు నిలువకుండ ఒకింత వాలు నిత్తురు. ఆపైన రబ్బరు పలుకులను పాలీయూరిథేను అను జిగురుతో కలిపి పోయుదురు. అది సుమారు 13 మిల్లీమీటర్ల మందమున, అనగా చిటికెనవ్రేలంత మందమున, గట్టిపడును. కాంక్రీటునేలకంటె నూటికి 35 మొదలు 50 పాళ్లు తాకిడి తగ్గవలెనని అంతర్జాతీయ నియమము. ఇందువలన మోకాళ్లకు శ్రమ తగ్గును.

విశాఖపట్టణపు యర్రాజి జ్యోతి 2023లో బాంకాకున, ఆసియా పోటీలయందు, వానకు తడిసిన ఇట్టి బాటపై 100 మీటర్ల హర్డిల్సు పందెమును 13.09 సెకండ్లలో ముగించి స్వర్ణపతక మందెను. 2024లో పారిస్‌నందు వేసిన ఊదారంగు బాటలో ఆలుచిప్పల పొడిని గూడ కలిపిరి. వరంగల్లు ప్రాంతపు కల్లెడ గ్రామమున పుట్టిన జీవంజి దీప్తి పారాలింపిక్ క్రీడలలో 400 మీటర్లు పరుగిడి కాంస్యము గెలిచినది ఆ బాటపైననే.

ఈ బాట యెండకు మిక్కిలి కాగును గనుక, పిల్లలను పాదరక్షలతో, ఉదయసాయంకాలములందే పంపవలెను. వేయుటకు వ్యయము మెండు. అన్ని పాఠశాలలకు అందునది కాదు. కాని మేము ముఖ్యముగా మనవిచేయున దొక్కటి. ఈడు వచ్చిన పిల్లకు పరుగేల యని ఆపున దనేకముగా ఇంటిలోని మాటయే. బాట యున్న ఊరిలో బాలికలకు వేళ కేటాయింపుడని అధికారుల నడుగుదము. లేనిచోట చదునైన మట్టినేలపైనైనను వారిని పరుగిడనిత్తము. నేల సంగతి యింజనీర్లు చూచుకొందురు. ఇంటి మాటను దిద్దవలసినవారము మనమే.