కుర్చీకి అతుక్కుపోయిన బ్రతుకులు



గత మాసములో సాలూరులో ఒక సహోదరుని ఇంట ప్రార్థన కూడికకు వెళ్లాము. ఆయన ఒక కార్యాలయములో గుమాస్తా. నలభై ఏండ్లైనా నిండలేదు. రెండవ అంతస్తుకు మాతోపాటు మెట్లెక్కి, ఆయాసముతో కొంతసేపు మాట్లాడలేకపోయాడు. పాచిపెంట కొండలలోని పల్లె నుండి వచ్చిన ఆయన తండ్రిగారు, డెబ్బది ఏండ్లవారు, నవ్వుతూ నిలబడియున్నారు. మాకును ఆయాసము వచ్చినది గనుక ఆ సహోదరుని తప్పుపట్టు అర్హత మాకు లేదు.

"రోజూ కాసేపు నడవవచ్చును గదా, బాబూ?" అని అడిగాము. ఆయన చెప్పినవి సాకులు కావు. ఉదయము పిల్లల బడి, పగలంతా కంప్యూటరు, ఇల్లు చేరేసరికి చీకటి. రోడ్డు మీద నడుద్దామంటే అది విజయనగరము నుండి ఒడిశాకు పోవు 26వ నంబరు జాతీయ రహదారి. లారీలకు పేరుపొందిన ఊరు మనది! సచివాలయములో పనిచేయు ఆయన భార్య ఇట్లన్నది: "వంట ముగిసేసరికి రాత్రి అవుతుందయ్యగారూ. ఊరకే నడిస్తే పనీపాటా లేదని నవ్వుతారు."

ఇది ఒక్క ఇంటి కష్టము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన లెక్క ప్రకారము, 2022లో లోకములోని పెద్దలలో సుమారు 31 శాతము మందికి చాలినంత శరీరశ్రమ లేదు. మన దేశములో దాదాపు సగము మందికి లేదు. స్త్రీలలో ఈ కొరత ఇంకను ఎక్కువ. 1953లోనే లండనులో డాక్టర్ జెర్రీ మోరిస్ బృందము బస్సు ఉద్యోగులను పరిశీలించినది. కూర్చుండి నడుపు డ్రైవర్లకంటె, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగు కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనబడినది.

పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల చురుకైన నడకవంటి శ్రమ కావలెనని ఆ సంస్థ చెప్పుచున్నది. అనగా రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. అరగంట ఒకేసారి దొరకకపోతే పది నిమిషములుగా పంచుకొనవచ్చును. గంటకొకసారి కుర్చీ విడిచి లేవండి. ఫోను వస్తే నిలబడి మాట్లాడండి. షుగరు, బి.పి., గుండెజబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుని అడగండి. పురుషులారా, సాయంత్రము కూరగాయలు మీరు తరిగితే మీ భార్యకు ఆ అరగంట దొరకును.

దేహము దేవుని ఆలయమని ప్రసంగించు మేము, అర కిలోమీటరు దూరమునకు కూడ స్కూటరెక్కుచుంటిమి. ఆ రాత్రి పెద్దాయన అన్న మాట మమ్మును గుచ్చినది: "నడక మానితే కొండ ఎత్తు పెరుగుతుందయ్యా."

మరుసటి సోమవారము సాయంత్రము మందిరపు గేటు తెరిచి ఉంచాము. ఆవరణములో ఐదుగురము నడిచాము. ఇద్దరు స్త్రీలు కలిసి వచ్చారు, ఎవరును నవ్వలేదు. మీ మందిరములోను ఖాళీ స్థలము ఉన్నది గదా?