కాగితం చదివిపెట్టే వకీలు

కోహీర్ అనగానే చాలామందికి జామపండు గుర్తొస్తుంది. ఎర్రనేలలో కాసిన ఆ కాయ రుచి హైదరాబాద్ తోపుడుబండ్ల దాకా పాకింది. వికారాబాద్ నుంచి రైల్లో వెళ్లేవాళ్లకు స్టేషన్ బోర్డు మీద 'కోహీర్ దక్కన్' అని కనిపిస్తుంది. ఇక్కడి నుంచి నల్లకోటు మడిచి సంచిలో పెట్టుకుని జహీరాబాద్ కోర్టుకు బయల్దేరే కుర్రవకీలుకు మాత్రం జామతోట మరోలా కనిపిస్తుంది. దాని సర్వే నంబరెంత, పట్టా ఎవరి పేరు మీదుంది, కాస్తులో ఎవరున్నారు అనే ప్రశ్నలే ముందొస్తాయి. ఈ ప్రాంతంలో వకీలు చదువు సగం లా కాలేజీలో అయితే, మిగతా సగం రైతు ఇంటి ట్రంకుపెట్టెలో ఉంటుంది.

ఆ పెట్టెలోంచి బయటికొచ్చే కాగితాలు చూడాలి. ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతలు పెట్టి ఉంటాయి. మడత దగ్గర అక్షరం చెరిగి, చిరుగు మొదలై ఉంటుంది. పైది కంప్యూటర్ ప్రింటు, దానికింద చేతిరాత పహాణీ, ఇంకా కింద ఉర్దూలో ఏదో. గొలుసుకట్టుగా సాగే శికస్తా రాత అది. ఉర్దూ బడిలో చదివినవాళ్లకే గబుక్కున కొరుకుడుపడదు. పక్కన ఫసలీ సంవత్సరం ఉంటుంది. 1364 అని కనిపిస్తే 590 కలుపుకోవాలి, 1954 వస్తుంది. అంటే ఖాస్రా పహాణీ కాలం. తెలంగాణలో భూమి దావా ఏదైనా తిరిగితిరిగి ఆ 1954-55 రికార్డు దగ్గర ఆగుతుంది. అంతకుముందుకు పోవాలంటే సేత్వార్ తియ్యాలి. సేత్వార్, వసూల్‌బాకీ, ఫైసల్‌పట్టీ, విరాసత్, సాదాబైనామా... ఐదేళ్ల కోర్సులో ఈ మాటలు నేర్పే పీరియడ్ ఎక్కడుంటుంది? సీనియర్ దగ్గరో, పాత గుమాస్తా దగ్గరో, లేదంటే మసీదు పక్క వీధిలో ఉర్దూ తెలిసిన ముసలాయన దగ్గరో నేర్చుకోవాల్సిందే.

ఈ ప్రాంతానికి ఇంకో తిరకాసు కూడా ఉంది. జహీరాబాద్ తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో తాలూకాలో చాలాభాగం ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మెదక్ జిల్లాలో కలిసింది. 2016 అక్టోబర్ 11 నుంచి సంగారెడ్డి జిల్లా. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లా పేరు మాత్రం రెండుసార్లు మారింది. తెలుగు, దక్కనీ ఉర్దూ, కన్నడం మూడూ బజార్లో కలిసి నడిచే ఊళ్లు ఇవి. కక్షిదారు ఒక భాషలో మొరపెట్టుకుంటే, దస్తావేజు ఇంకో భాషలో ఉంటుంది. జడ్జిగారి ముందు వాదన మూడో భాషలో. మధ్యలో నిలబడేది వకీలు.

ఈ నిలబడటానికి పాత వంశవృక్షమే ఉంది. 1921 నవంబర్ 12న హైదరాబాద్ వివేకవర్ధినిలో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగింది. వకీలు ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే కొద్దిమంది టేకుమాల రంగారావు ఇంట్లో కూడి ఆంధ్రజనసంఘం పెట్టుకున్నారు. టేకుమాల మన మెదక్ వైపు ఊరే, ఇంటిపేరులో ఉండిపోయింది. ఆ సంఘానికి ఆయువుపట్టు మాడపాటి హనుమంతరావు. సర్కారు కొలువులో అనువాదకుడిగా పనిచేసి, 1917లో దాన్ని వదిలి వకాలతులో దిగిన మనిషి. ఉర్దూ ఆయనకు కొట్టినపిండి.

మాడపాటి చేసిన ఒక పని చాలా చిన్నదిగా కనిపిస్తుంది. నాకైతే అదే పెద్దది. వెట్టి తీసుకోకూడదని నిజాం సర్కారే ఉత్తర్వులు ఇచ్చింది. అవి ఉర్దూలో ఉన్నాయి. చాకలి, కుమ్మరి, మాదిగ ఇళ్లకు ఆ సంగతే తెలియదు. తెలిసిన పటేలు, పట్వారీ చెప్పరు. సంఘం ఆ ఉత్తర్వుల సారాన్ని తెలుగులో చిన్న పుస్తకంగా వేసి ఊళ్లకు పంపింది. కొత్త చట్టం కోసం పోరాటం ఆ తర్వాతి మాట. ముందు ఉన్న చట్టం ఎవరికోసం రాశారో వాళ్ల చెవిన వేశారు. దౌర్జన్యం చేసేవాడికి అంతకంటే ఇబ్బందికరమైనది ఏముంటుంది?

1930లో మొదటి ఆంధ్రమహాసభ ఇదే సంగారెడ్డి జిల్లాలోని జోగిపేటలో జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. బి.ఎల్. చదివి, వకాలతు కంటే గోలకొండ పత్రికకే ఎక్కువ కాలం ఇచ్చిన మనిషి. అప్పటికి ఆయనకు 33 ఏళ్లు. పక్కనే మహిళల సభ, దానికి నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. మరుసటి ఏడాది దేవరకొండ సభకు బూర్గుల రామకృష్ణారావు. ఆయనా వకీలే, వయసు ముప్పై దాటిందంతే. అధ్యక్షపీఠం అంటే నెరిసిన జుట్టు అనుకునే మనకు ఆ వయసులు కొంచెం ఆశ్చర్యమే.

బూర్గుల కథ కోహీర్ ట్రంకుపెట్టె దాకా వస్తుంది. హైదరాబాద్ కౌలుదారీ చట్టం 1950లో వచ్చింది, ఆయన రెవెన్యూ మంత్రి అయిందీ ఆ ఏడాదే. 1954లో, ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా, అదే చట్టంలో 38-ఇ అనే సెక్షన్ చేరింది. రక్షిత కౌలుదారును భూమికి యజమానిని చేసే సెక్షన్ అది. 'మా తాతకు ముప్పై ఎనిమిది-ఇ వచ్చింది సారూ' అని చెప్పుకునే మనవళ్లు తెలంగాణలో ఇప్పటికీ కోర్టు మెట్లెక్కుతున్నారు. సెక్షన్ నంబరు ఇంట్లో మనిషి పేరులా నోట్లో ఆడుతుంది.

ఇక ఇప్పటి కుర్రకారు సంగతి. లాసెట్ రాసి, డిగ్రీ పూర్తిచేసి, బార్ కౌన్సిల్లో పేరు నమోదు చేసుకుని, ఆలిండియా బార్ పరీక్ష గట్టెక్కాలి. నమోదుకు చట్టంలో ఉన్న రూ.750 (ఎస్సీ, ఎస్టీలకు రూ.125) మించి తీసుకోకూడదని సుప్రీంకోర్టు 2024 జూలై 30న తేల్చిచెప్పింది. వేలకు వేలు కట్టిన బ్యాచ్‌లవాళ్లు ఆ తీర్పు చదివి ఎలా నిట్టూర్చారో ఊహించుకోవచ్చు. జూనియర్లకు పట్టణాల్లో నెలకు రూ.20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో రూ.15 వేలు తగ్గకుండా ఇవ్వాలని అదే ఏడాది అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. సూచన అంటే సూచనే. తాలూకా కోర్టుల్లో సీనియర్‌కే నెల గడవడం కనాకష్టమైన చోట జూనియర్‌కు దక్కేది చాయ్, బస్సు చార్జీ, తిట్లు, వాటితోపాటు కొంత విద్య.

ఇంటి గడప మీద ఈ లెక్క మరీ బరువు. మొదటితరం చదువుకున్న ఇంట్లో మూడేళ్లు సంపాదన లేకుండా కోర్టు చుట్టూ తిరగడం మామూలు మాట కాదు. అందుకే చాలామంది మధ్యలోనే హైదరాబాద్‌లో ఏదో ఒక ఉద్యోగంలోకి జారిపోతారు. ఆగినవాళ్లకు దారి చూపేవాటిలో న్యాయసేవా సంస్థ ఒకటి. దానికి ఆధారమైన 1987 చట్టం 1995 నవంబర్ 9న అమల్లోకి వచ్చింది. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయం ఎంతున్నా ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఈ సంగతి ఊళ్లో పదిమందిని అడిగితే ఎందరికి తెలుసు? ప్యానెల్ వకీలుగా వచ్చే రుసుం తక్కువే. కానీ రెండేళ్లలో మనోవర్తి, చెక్‌బౌన్స్, గట్టు తగాదా అన్నీ చేతిమీదుగా పోతాయి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అవార్డు మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. ఫీజు కోసం వాయిదాలు లాగే అలవాటున్న వకీలుకు అది నచ్చదు. పేరు కావాలనుకునే కుర్రవకీలుకు నచ్చుతుంది.

భూమి రికార్డులకు 2020లో ధరణి, 2025లో భూభారతి. పోర్టల్ మారినప్పుడల్లా పేరు జారిపోయినవాళ్లు, గుంటలు తగ్గినవాళ్లు కవర్లు పట్టుకుని వస్తారు. సాదాబైనామా మీద, అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం మీద, కొని ముప్పై ఏళ్లు దున్నిన రైతుకు స్క్రీన్ మీద ఇంకా అమ్మినవాడి పేరే కనిపిస్తుంది. అప్పుడు వకీలు మొదట చేసే పని వాదన కాదు. కుర్చీ దగ్గరికి లాగి, కవర్లోంచి కాగితం తీసి, పైనుంచి కిందిదాకా మెల్లగా తెలుగులో చదివిపెట్టడం.

"నా పేరు యాడుంది బిడ్డా?" అంటాడు ముసలాయన.

వకీలు ఆయన వేలు పట్టుకుని ఏడో గడి మీద పెడతాడు.

"గిదా? గింతేనా?"

కాసేపు చూసి, చిరుగు పెరగకుండా పాత మడతలోనే మళ్లీ మడుస్తాడు.