కలిపిన ఫోటో చూసి ఏమనాలి?

రెండు మూడు ఫోటోలు కలిపి ఒకటి చేయడం కంప్యూటర్‌తో పుట్టిన విద్య కాదు. 1858లోనే ఇంగ్లండులో హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగటివ్‌లు కలిపి ‘ఫేడింగ్ అవే’ అనే చిత్రం చేశాడు.

మా అమ్మాయి ఇండియాలో ఉన్న నాయనమ్మను మా పెరటి ఫోటోలో మా పక్కన నిలబెట్టింది. "అతికించినట్టుంది" అనేశాను. పిల్ల ముఖం చిన్నబోయింది. మా ఆవిడ మాత్రం, "నాయనమ్మ నవ్వు మన నవ్వుల్లో కలిసిపోయిందే! మన నీడలన్నీ ఎడమవైపు పడ్డాయి కదా, మరి నాయనమ్మ నీడేదమ్మా?" అంది. అరగంటలో నీడ వచ్చింది.

కాబట్టి ముందు బాగున్నదేదో చెప్పండి. తర్వాత వెలుగు, నీడ, మనుషుల ఎత్తు, అంచులు చూసి, సరిచేయదగ్గది ఒక్కటి అడగండి. ఉత్త "బాగాలేదు"తో పిల్లలు ఏం దిద్దుకుంటారు?