కొత్త టీవీ కొనాలా? స్టిక్కర్ కాదు, ప్యానెల్ చూడండి: ఆలేరులో మా ఇంటికి టీవీ కొన్న అనుభవం

మా నాన్నకి పోయిన ఆగస్టులో శుక్లాల ఆపరేషన్ అయింది. ముప్పై ఏళ్లకు పైగా మగ్గం మీద ఇక్కత్ చీరలు నేసిన మనిషి. ఆపరేషన్ తర్వాత దసరాకి నేను ఆలేరు వెళ్లినప్పుడు ఒక రాత్రి అందరం సినిమా చూస్తున్నాం. చీకట్లో జరిగే ఫైట్ సీన్ వచ్చింది. నాన్న కాసేపు చూసి లేచి బయటికి వెళ్లిపోయాడు. ఏమైందని అడిగితే మెల్లగా చెప్పాడు: "కన్ను సక్కగ కాలేదేమో బిడ్డా. నల్లగనే కొడుతుంది. మీ అమ్మకు చెప్పకు."

నాకు గుండె ఆగినంత పనైంది. కానీ ఒక అనుమానం వచ్చి అదే సినిమా, అదే సీన్ నా ఫోన్‌లో పెట్టి చూపించాను. "ఇండ్ల మంచిగనే కనపడుతుంది గదరా" అన్నాడు. మరుసటి వారం చెకప్‌లో డాక్టర్ కూడా కన్ను బాగుందనే చెప్పారు. తేడా కంటిలో లేదు, టీవీలో ఉంది. ఆ టీవీ 2021లో నా మొదటి జీతంతో, ఆన్‌లైన్ సేల్‌లో, డబ్బా మీద "4కే హెచ్‌డీఆర్" అని చూసి నేనే కొన్నది!

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, ఫోన్‌ల స్పెక్స్ నోటికి చెప్పే నేను టీవీ విషయంలో ఎక్కడ బోల్తా పడ్డానో, రెండోసారి ఎలా ఎంచుకున్నానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మోడల్ పేర్లు చెప్పడం లేదు. అవి ఏటా మారతాయి. చూసే పద్ధతి తెలిస్తే ఏ సంవత్సరమైనా పనికొస్తుంది.

4కే అన్నది అందరికీ ఉంది, దాంతోనే క్వాలిటీ రాదు

4కే అంటే 3840 × 2160, అంటే దాదాపు 83 లక్షల చుక్కలు. ఫుల్ హెచ్‌డీ అంటే 1920 × 1080, సుమారు 21 లక్షలు. నాలుగు రెట్ల తేడా. కానీ మన కంటికి ఒక హద్దు ఉంది. మామూలు చూపున్న మనిషి 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీకి ఐదున్నర అడుగులు దాటి కూర్చుంటే విడి చుక్కలు కనిపించవు. మా హాల్లో సోఫా నుంచి టీవీకి 8 అడుగులు. అంటే 43 అంగుళాల్లో 4కే అయినా ఫుల్ హెచ్‌డీ అయినా మాకు చుక్కల్లో పెద్ద తేడా తెలియదు.

సైజుకి ఒక తేలిక లెక్క చెప్తాను. టీవీ అంగుళాలను 1.6తో గుణించండి, అన్ని అంగుళాల దూరంలో కూర్చుంటే సినిమాకి బాగుంటుంది. 43కి సుమారు 5.7 అడుగులు, 55కి 7.3 అడుగులు. మా 8 అడుగులకు 55 సరిపోయింది. టేపు పట్టుకుని కొలిచాకే సైజు నిర్ణయించుకోండి. షోరూమ్ హాలు పెద్దది కాబట్టి అక్కడ అన్నీ చిన్నగానే కనిపిస్తాయి.

బొమ్మకి ప్రాణం కాంట్రాస్ట్

టీవీ ఎంత నల్లని నలుపు, ఎంత తెల్లని తెలుపు ఒకేసారి చూపగలదో అదే కాంట్రాస్ట్. మా నాన్నకి కనిపించకుండా పోయింది ఇదే. ఎల్‌ఈడీ టీవీల్లో ప్యానెల్ ముఖ్యంగా రెండు రకాలు.

ఐపీఎస్: పక్క నుంచి చూసినా రంగులు మారవు. కానీ కాంట్రాస్ట్ సుమారు 1000:1 దగ్గరే. రాత్రి లైట్లు ఆపితే నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది.

వీఏ: కాంట్రాస్ట్ 3000:1 నుంచి 5000:1 దాకా, కొన్నిట్లో ఇంకా పైన. నలుపు బాగా వస్తుంది. కానీ బాగా పక్కకి కూర్చుంటే రంగులు వెలిసిపోతాయి.

మీ ఇంట్లో టీవీకి ఎదురుగా కూర్చుంటారా, గది నిండా చాపలేసుకుని చూస్తారా? దాన్ని బట్టి ఎంచుకోండి. మా ఇంట్లో సోఫా ఎదురుగానే ఉంది, సినిమాలు రాత్రే చూస్తాం. అందుకని వీఏ.

ఇక క్యూఎల్‌ఈడీ అనగానే చాలామంది ఇదేదో ఓఎల్‌ఈడీకి తమ్ముడు అనుకుంటారు. కాదు. అది కూడా వెనక లైటు ఉండే ఎల్‌సీడీనే. మధ్యలో క్వాంటమ్ డాట్ పొర వేస్తారు, దాంతో రంగులు చిక్కగా వస్తాయి. నలుపు మాత్రం ఆ పొర వల్ల మెరుగవదు. నలుపు మెరుగవ్వాలంటే లోకల్ డిమ్మింగ్ కావాలి, అంటే వెనక లైట్లు జోన్లుగా విడిపోయి చీకటి ఉన్నచోట తగ్గాలి. మినీ ఎల్‌ఈడీ టీవీల్లో ఈ జోన్లు ఎక్కువ. ఎన్ని జోన్లో అడగండి. జోన్లు మరీ తక్కువైతే నల్ల తెర మీద తెల్ల అక్షరాల చుట్టూ వెలుగు మరకలా పరుచుకుంటుంది.

ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, తానే ఆరిపోతుంది. నలుపుకి దాన్ని మించింది లేదు. మరి నేనెందుకు కొనలేదు? బడ్జెట్ ఒక కారణం. రెండోది, నాన్న పొద్దున్నుంచి న్యూస్ ఛానళ్లు పెడతాడు. ఆ లోగో, కింద ఎర్ర బ్రేకింగ్ పట్టీ గంటల తరబడి ఒకే చోట ఉంటాయి. ఓఎల్‌ఈడీలో ఏళ్ల తరబడి ఇలా సాగితే ఆ అచ్చు తెర మీద శాశ్వతంగా పడే అవకాశం ఉంది. కొత్త మోడళ్లలో రక్షణలు పెట్టారు కానీ మా ఇంటి వాడకానికి రిస్క్ ఎందుకనుకున్నాను.

హెచ్‌డీఆర్ స్టిక్కర్ కథ

నేను మోసపోయింది ఇక్కడే. హెచ్‌డీఆర్10 సపోర్ట్ అంటే ఆ సిగ్నల్‌ని టీవీ తీసుకోగలదు అని మాత్రమే అర్థం. దాన్ని చూపించగలదని కాదు. హెచ్‌డీఆర్ సినిమాలను చాలావరకు 1000 నిట్స్ వెలుగు దాకా లెక్కేసి తయారు చేస్తారు. నా పాత టీవీ లాంటి 250 నిట్స్ తెర మీద అంత వెలుగును కుదించాలి. కుదించేటప్పుడు చీకటి సీన్లు ఇంకా చీకటైపోతాయి. అంటే హెచ్‌డీఆర్ లేకపోతేనే ఆ సీన్ నయంగా కనిపించేది!

కాబట్టి హెచ్‌డీఆర్ నిజంగా కావాలంటే స్పెక్స్‌లో నిట్స్ చూడండి. నా లెక్కలో కనీసం 500 ఉండాలి, లోకల్ డిమ్మింగ్ కూడా ఉండాలి. రంగుల లోతు 10 బిట్ అయితే మంచిది. 8 బిట్‌లో 1.67 కోట్ల రంగులు, 10 బిట్‌లో 107 కోట్లు. సాయంత్రం ఆకాశంలో చారలు పడకుండా ఉండేది దీనివల్లే. డాల్బీ విజన్ కావాలనుకునేవాళ్లు ఒకటి గమనించండి, శామ్‌సంగ్ టీవీల్లో అది ఉండదు, వాళ్లది హెచ్‌డీఆర్10 ప్లస్.

ఇప్పుడే టీవీ మార్చలేని వాళ్లకి ఒక చిట్కా. ఫైర్ టీవీ స్టిక్ వాడుతుంటే డిస్‌ప్లే సెట్టింగుల్లో డైనమిక్ రేంజ్‌లోకి వెళ్లి హెచ్‌డీఆర్ ఆపేయండి. నీరసమైన ప్యానెల్‌లో చీకటి సీన్లు కాస్త తేరుకుంటాయి.

మనం చూసే ఛానళ్ల సంగతి ఎవరూ చెప్పరు

అమ్మ చూసేది సీరియళ్లు, నాన్న చూసేది వార్తలు. మా కేబుల్‌లో చాలావరకు ఎస్‌డీ ఛానళ్లే. ఎస్‌డీ బొమ్మలో 720 × 576, అంటే 4 లక్షల పైచిలుకు చుక్కలే. 4కే తెర మీద 83 లక్షలు నింపాలి. ఇరవైలో పంతొమ్మిది చుక్కలు టీవీ ఊహించి గీసినవే అన్నమాట. ఈ ఊహను అప్‌స్కేలింగ్ అంటారు. టీవీ పెద్దదయ్యేకొద్దీ ఎస్‌డీ మసకదనం కూడా పెద్దదవుతుంది. కొత్త టీవీ కొన్నాక "పాతదే నయం" అని తిట్టుకునేది ఇందుకే.

మా ఇంట్లో ఇంకో విచిత్రం బయటపడింది. సెట్‌టాప్ బాక్స్ హెచ్‌డీదే, కానీ పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల పాత వైరుతో కలిపి ఉంది. దాంట్లోంచి హెచ్‌డీ రాదు. హెచ్‌డీఎంఐ వైరు పెట్టి, బాక్స్ సెట్టింగుల్లో 1080 ఎంచి, అమ్మ చూసే రెండు ఛానళ్లకు హెచ్‌డీ తీసుకున్నాను. పాత టీవీలోనే తేడా తెలిసింది. కొత్తది కొనే ముందు మీరూ ఒకసారి టీవీ వెనక చెయ్యి పెట్టి చూడండి.

షోరూమ్‌లో ఎలా చూడాలి

ముందు ఆలేరులో అడిగాను, తర్వాత హైదరాబాద్‌లో పెద్ద షోరూమ్‌కి నాన్ననే తీసుకెళ్లాను. చూసేది ఆయనే కదా. పెన్‌డ్రైవ్‌లో మూడు వీడియోలు పెట్టుకున్నాను: ఒక చీకటి సీన్, ఒక మనిషి ముఖం దగ్గరగా, మూడోది నాన్న నేసిన ఎర్ర ఇక్కత్ చీర.

షోరూమ్‌లో టీవీలన్నీ స్టోర్ మోడ్‌లో ఉంటాయి. అంటే వెలుగు, రంగు, పదును అన్నీ చివరిదాకా పెంచి ఉంటాయి. వాళ్ల డెమో వీడియోలో పూలు, చిలకలు ఏ టీవీలోనైనా బాగుంటాయి. పక్కపక్కన రెండు టీవీలను సినిమా మోడ్‌లోకి మార్చి మన వీడియో వేయమనండి. సేల్స్ అబ్బాయి కొంచెం విసుక్కున్నా, వేశాడు.

చీర వీడియో దగ్గర నాన్న చెప్పిన మాట ఏ రివ్యూలోనూ నేను చదవలేదు. ఒక టీవీ చూపించి "ఇది ప్రింట్ చీర లెక్కుంది" అన్నాడు. ఇక్కత్‌లో నూలుకే ముడులు కట్టి రంగులద్ది తర్వాత నేస్తారు. అందుకే రంగుకీ రంగుకీ మధ్య అంచు కొంచెం ఈకలా చెదిరి ఉంటుంది. అచ్చు వేసిన నకిలీ చీరలో ఆ అంచు గీత గీసినట్టుంటుంది. ఆ టీవీలో షార్ప్‌నెస్ ఎక్కువ పెట్టడం వల్ల అంచుల వెంట లేని గీత పుట్టుకొచ్చింది. షార్ప్‌నెస్ తగ్గించగానే "ఆ, ఇప్పుడు మనదే" అన్నాడు. ఎక్కువ పదును అంటే ఎక్కువ క్వాలిటీ కాదని ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

డబ్బు ఎక్కడ పెట్టాలి

నా సూత్రం ఒకటే: ప్యానెల్ మార్చలేం, మిగతావి మార్చుకోవచ్చు. రెండేళ్లకి యాప్‌లు నెమ్మదిస్తే ఒక స్టిక్ పెట్టుకోవచ్చు. సౌండ్ చాలకపోతే సౌండ్‌బార్ తర్వాత కొనొచ్చు. కాబట్టి ర్యామ్, రిమోట్‌లో బటన్లు, వాయిస్ లాంటివి చూసి ప్యానెల్‌లో రాజీ పడకండి. 120 హెర్ట్జ్ గేమ్స్ ఆడేవాళ్లకి, క్రికెట్ బాగా చూసేవాళ్లకి పనికొస్తుంది. సినిమా తీసేదే సెకనుకి 24 ఫ్రేములు, మాకు 60 చాలు.

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా 40,000 ఉన్న టీవీ అప్పట్లో 51,200 పడితే, ఇప్పుడు 47,200. నాలుగు వేలు మిగులు. 32 అంగుళాలు, అంతకంటే చిన్నవాటికి ముందునుంచీ 18 శాతమే, వాటికి ఈ తగ్గింపు లేదు. పాత ధర కొట్టేసి "పండగ ఆఫర్" అని చూపిస్తే, అందులో పన్ను తగ్గింది ఎంతో లెక్కేసుకోండి.

కొనే ముందు ఇవి కూడా అడగండి:

- మీ ఊరి పిన్‌కోడ్‌కి ఇంటికొచ్చి సర్వీస్ చేస్తారా? 55 అంగుళాల టీవీని ఆలేరు నుంచి హైదరాబాద్‌కి మోసుకెళ్లడం జరిగే పని కాదు.
- వారంటీలో ప్యానెల్ ఎన్నేళ్లు? ప్యానెల్ పోతే కొత్త టీవీ కొన్నంత ఖర్చు.
- డబ్బా విప్పేటప్పుడు వీడియో తీయండి. వెంటనే యూట్యూబ్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు తెరలు పెట్టి చచ్చిన చుక్కలు, మరకలు ఉన్నాయేమో చూడండి.
- ఉరుములు మొదలవకముందే ప్లగ్‌తోపాటు కేబుల్ వైరు కూడా పీకేయండి, మొదలయ్యాక వాటిని ముట్టుకోకండి. పిడుగు అటునుంచి కూడా వస్తుంది.

ఇంటికొచ్చాక ఐదు నిమిషాల పని

పిక్చర్ మోడ్ సినిమా లేదా ఫిల్మ్‌మేకర్‌లో పెట్టండి. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. మోషన్ స్మూతింగ్ ఆపేయండి, లేకపోతే పెద్ద సినిమా కూడా సీరియల్ లాగా జారుతుంది. పవర్ సేవింగ్ ఆపండి, అది తెరను డల్ చేస్తుంది. కలర్ టెంపరేచర్ వార్మ్‌లో మొదట పసుపుగా అనిపిస్తుంది, వారం రోజులు ఓపిక పట్టండి. నెట్‌ఫ్లిక్స్‌లో 4కే రావాలంటే ప్రీమియం ప్లాన్ ఉండాలి, నెట్ 15 ఎంబీపీఎస్ ఉండాలి. లేకపోతే ఎంత టీవీ కొన్నా హెచ్‌డీనే చూస్తున్నట్టు.

చివరికి లోకల్ డిమ్మింగ్ ఉన్న 55 అంగుళాల వీఏ ప్యానెల్ టీవీ తీసుకున్నాం. అనుకున్న 50 వేలకు ఇంకో మూడు వేలు ఎక్కువైంది. ఇంట్లో బిగించిన రాత్రి ముందు అదే సినిమా, అదే ఫైట్ సీన్ పెట్టాను. నాన్న ఏమీ అనలేదు. సీన్ అయిపోయాక రిమోట్ తీసుకుని వెనక్కి జరిపి మళ్లీ చూశాడు. "వెనకాల గోడ మీద ఇంకొకడున్నడు, ఆ రోజు వాడు కనపడనే లేదు" అన్నాడు. అప్పుడు అమ్మకి తెలిసింది, ఇన్నాళ్లూ ఆయన ఏం దాచాడో. ఆయన్ని కాదు, స్టిక్కర్ చూసి కొన్నందుకు నన్ను తిట్టింది.