పళ్లు వయసుకి ఊడవు, చిగుళ్లు చెడి ఊడతాయ్

"వయసు మీద పడ్డాక పళ్లు ఊడక ఏమవుతయ్యి?" మా సత్తెనపల్లి చుట్టుపక్కల ఏ ఊళ్లో అరుగు మీద కూర్చున్నా ఈ మాట వినపడుద్ది. నేను ఒప్పుకోను. పళ్లు చివరిదాకా ఉండాల్సినవే. అరవైలో ఊడిన పన్ను చాలామందికి ఇరవై, ముప్పైల్లోనే చెడటం మొదలై ఉంటది. అంటే ఫోన్లో ఇది చదివే మీ వయసులో.

ఎట్టాగో చెప్తా. పంటి మీద, చిగురు అంచున రోజూ మెత్తటి పాచి పడుద్ది. అదంతా క్రిముల గుంపు. తోమితే పోద్ది. వదిలేస్తే కొద్దిరోజుల్లోనే గట్టిపడి గార అవుద్ది. గార బ్రష్షుకి రాదు. దాన్ని అంటుకున్న చిగురు వాచి, తోమినప్పుడు నెత్తురొస్తది. అప్పుడూ పట్టించుకోకపోతే చిగురు పంటిని వదిలేసి కిందకి జారుద్ది, లోపల ఎముక కరుగుద్ది. మిరప మొక్క మొదట్లో మన్ను కొట్టుకుపోతే ఆకు పచ్చగా ఉన్నా మొక్క వాలిపోద్ది కదా, ఇదీ అంతే. పుప్పి లేని పన్ను కూడా ఊడిపోద్ది. పెద్దగా నొప్పి ఉండదు గనక కదిలేదాకా తెలవదు.

నెత్తురు కనపడగానే మనోళ్లు చేసే పనేంది? ఆ వైపు తోమడం మానేస్తారు. దాంతో పాచి ఇంకా పేరుకుంటది. మెత్తటి బ్రష్షుతో అక్కడే నిదానంగా తోమాలి. ఈ దశలో పట్టుకుంటే చిగురు మళ్లీ మామూలు అవుద్ది. రెండు వారాలైనా ఆగకపోతే డాక్టరు దగ్గర గార తీయించాలి. "గార తీయిస్తే పళ్లు వదులవుతయ్యి" అనేది వట్టి మాట. సందుల్లో నిండిన గార పోయేసరికి ఖాళీ తెలుస్తది, అంతే.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకుండా వినండి. బస్తాలు మోసే కాడ, పత్తి తీతల కాడ అలుపు తెలవకుండా పెదవి కింద ఖైనీ పెట్టే కుర్రాళ్లు ఉన్నారు. పెట్టిన చోటే చిగురు జారుద్ది. బీడీ, సిగరెట్టు ఇంకా మోసం చేస్తయ్యి: పొగ తాగేవాళ్ల చిగుళ్లకి నెత్తురు తక్కువ కారుద్ది, జబ్బు ఉన్నా బయటపడదు. నోట్లో రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్ల మచ్చ, నోరు సరిగ్గా తెరుచుకోకపోవడం కనపడితే ఆగొద్దు. అది కేన్సరుకి మొదలు కావచ్చు.

ఇంట్లో షుగరు ఉన్న పెద్దోళ్ల చిగుళ్లు కూడా చూడండి. షుగరు చిగుళ్లని చెరుపుద్ది, చెడిన చిగుళ్లు షుగరుని అదుపులోకి రానీయవు.

మన పక్క ప్రకాశంలో ఫ్లోరైడు గోల వేరే ఉంది. దర్శి, పొదిలి ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే, నీళ్లలో ఫ్లోరైడు వల్ల వచ్చే జబ్బు గురించి డాక్టర్లు రాశారు. ఎనిమిదేళ్ల లోపు, చిగురు లోపల పళ్లు తయారయ్యేటప్పుడు ఆ నీళ్లు తాగితే పసుపు, గోధుమ రంగు మచ్చలు పడతయ్యి. అది మురికి కాదు, ఎంత రుద్దినా పోదు. ఇటుక పొడి, బొగ్గు పెట్టి రుద్దితే పైపొర అరిగి పళ్లు జివ్వుమంటయ్యి. పిల్లలకి మంచి నీళ్లు ఇవ్వడమే మందు.

రోజూ చేసేది చిన్న పనే. పొద్దున, రాత్రి పడుకోబోయే ముందు రెండు నిమిషాలు తోమండి. రాత్రిది మానొద్దు, నిద్రలో లాలాజలం తగ్గుద్ది. వేపపుల్ల మంచిదే గానీ వెనక దవడ పళ్లకి సరిగ్గా అందదు. తీపి టీ, కూల్ డ్రింకు రోజంతా గుక్కగుక్కగా తాగితే పుప్పి తొందరగా పడుద్ది. ఆరేళ్లప్పుడు వెనక వచ్చే దవడ పన్ను పాలపన్ను కాదు, అది పోతే మళ్లీ రాదు.

డబ్బుల భయం ఉంటే విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. ఊళ్లో వైద్య శిబిరం పెట్టినప్పుడు బీపీ, షుగరుతో ఆగకుండా నోరు కూడా చూడమని అడగండి. అమ్మానాన్నల్ని, తాతల్ని కూడా వెంటబెట్టుకుని పోండి.