బ్యాంకుల నష్టం ఎవరి భారం? - పార్టీల వాదాలు, ఫిఖ్‌హ్ దృష్టి

నిజామాబాదు పట్టణంలో కంఠేశ్వర్ ప్రాంతానికి చెందిన ఒక సామాన్య కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఇంటి పెద్ద గల్ఫ్‌లో కూలి పని చేసి నెలనెలా సొమ్ము పంపుతాడు. ఇల్లాలు బీడీలు చుట్టి నాలుగు రాళ్లు కూడబెడుతుంది. కూతురి పెళ్లి కోసమో, ఇంటిమీద స్లాబు కోసమో దాచిన ఆ సొమ్ము బ్యాంకులో వుంటుంది. ఒకరోజు బ్యాంకు తలుపు దగ్గర కాగితం అంటిస్తారు: చెల్లింపులు నిలిపివేయబడినవి. అప్పుడు ఆ కుటుంబం అడిగే ప్రశ్న ఒక్కటే: మా సొమ్ము ఎవరిస్తారు?

రాజకీయ పక్షాలు మాత్రం యీ ప్రశ్నను మరోవిధంగా అడుగుతాయి. మునిగిపోతున్న బ్యాంకును ప్రజాధనంతో ఆదుకోవాలా, వద్దా? ఆదుకుంటే తప్పెవరిది? ఈ రెండు ప్రశ్నల మధ్య వున్న దూరాన్ని గ్రహించనిదే విషయం బోధపడదు.

ఆదుకోవడం అంటే ఏమిటి?

ప్రభుత్వం బ్యాంకును ఆదుకునే మార్గాలు ముఖ్యంగా మూడు. మొదటిది, డిపాజిట్లకు బీమా. 1960లో కేరళలోని పాలాయి సెంట్రల్ బ్యాంకు కూలిపోయి జనం గగ్గోలు పెట్టిన దరిమిలా, 1962 జనవరి 1న డిపాజిట్ బీమా సంస్థ మనదేశంలో ఏర్పడింది. తొలుత ఒక్కొక్క ఖాతాదారుకు రూ. 1,500 వరకే హామీ వుండేది. అది క్రమేణా పెరిగి 1993లో లక్ష రూపాయలు, 2020 ఫిబ్రవరి 4 నుండి 5 లక్షల రూపాయలు అయింది. 2021లో వచ్చిన సవరణ ప్రకారం, చెల్లింపులు నిలిచిపోయిన బ్యాంకు ఖాతాదారులకు యీ సొమ్ము 90 రోజులలో అందాలి. ఒకే బ్యాంకులో ఎనిమిది లక్షలు దాచుకున్నవానికి 5 లక్షల వరకే యీ హామీ వర్తిస్తుంది. మిగిలిన మూడు లక్షలు బ్యాంకు ఆస్తులు అమ్ముడైతే దక్కవచ్చు, దక్కకపోవచ్చు.

రెండవది, దెబ్బతిన్న బ్యాంకును మరో బ్యాంకులో కలిపివేయడం. మూడవది, ప్రభుత్వ బ్యాంకులకు ప్రభుత్వమే కొత్త మూలధనం సమకూర్చడం. 2017 అక్టోబరులో కేంద్రం 2.11 లక్షల కోట్ల రూపాయల మూలధన పథకాన్ని ప్రకటించింది. అందులో 1.35 లక్షల కోట్లు బాండ్ల రూపంలోనివి. వీటి కిటుకు తెలుసుకోదగినది. ప్రభుత్వం బాండ్లు జారీ చేస్తుంది. బ్యాంకులు తమవద్ద వున్న డిపాజిట్ల సొమ్ముతో వాటిని కొంటాయి. ప్రభుత్వం అదే సొమ్మును తిరిగి బ్యాంకులకు మూలధనంగా ఇస్తుంది. చూడడానికి ఖజానా నుండి పైసా పోయినట్టు కనిపించదు. కాని ఆ బాండ్లపై వడ్డీ ఏటేటా ప్రభుత్వమే చెల్లించాలి. ఆ వడ్డీ పన్నుల నుండి వస్తుంది. సబ్బుబిళ్ల కొన్నప్పుడల్లా బీడీ కార్మికురాలు కూడా పన్ను కడుతూనే వుంటుంది. అంటే, ఎన్నడూ అప్పు తీసుకోని మనిషి కూడా పెద్దల ఎగవేతపై వడ్డీ కడుతున్నదన్నమాట.

పార్టీల వాదోపవాదాలు

2018 మార్చి నాటికి ప్రభుత్వరంగ బ్యాంకుల మొండిబకాయిలు దాదాపు 9 లక్షల కోట్ల రూపాయలకు చేరాయి. ఈ అప్పులన్నీ యూపీఏ పాలనలో ఢిల్లీ నుండి ఫోన్లు చేసి ఇప్పించినవేనని ప్రధాని నరేంద్ర మోదీ 2018లో విమర్శించారు. 2014 తర్వాతే బకాయిలు కొండలా పెరిగాయని, పెద్ద పారిశ్రామికవేత్తల అప్పులు పుస్తకాల నుండి కొట్టివేస్తున్నారని కాంగ్రెసు ఎదురు ఆరోపించింది. అదే ఏడాది రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు రఘురామ్ రాజన్ పార్లమెంటు అంచనాల సంఘానికి ఒక వివరణ సమర్పించారు. మొండి అప్పులలో ఎక్కువభాగం 2006-2008 నడుమ, దేశం శరవేగంగా ఎదుగుతున్న రోజులలో ఇచ్చినవని ఆయన పేర్కొన్నారు. 2015లో రిజర్వు బ్యాంకు ఆస్తుల నాణ్యతను తనిఖీ చేయించిన తర్వాతే అవి బయటపడ్డాయి. కనుక రెండు పక్షాల మాటల్లోనూ కొంత సత్యం వుంది, రెండింటిలోనూ దాపరికం వుంది. అప్పు పుట్టిన కాలం వేరు, బయటపడిన కాలం వేరు. ఎవరికి అనుకూలమైన కాలాన్ని వారు చూపిస్తున్నారు.

ఇది మనదేశానికే పరిమితం కాదు. 2008లో అమెరికాలో 70,000 కోట్ల డాలర్ల బ్యాంకు సహాయ బిల్లును రిపబ్లికన్ అధ్యక్షుడు బుష్ కోరగా, సెప్టెంబరు 29న ప్రతినిధుల సభ 228-205 ఓట్లతో తిరస్కరించింది. అడ్డు తగిలినవారిలో అధికులు ఆయన సొంత పార్టీవారే. మార్కెట్లు కుప్పకూలిన మీదట అక్టోబరు 3న అదే సభ 263-171తో ఆమోదించింది. ధనికుల నష్టాన్ని పేదలపై రుద్దరాదని ఒక పక్షం, వ్యాపారంలో ప్రభుత్వం తలదూర్చరాదని మరో పక్షం వ్యతిరేకించాయి. బ్యాంకులకు ఇచ్చిన సొమ్ము తర్వాత ఖజానాకు తిరిగి వచ్చింది. జప్తు అయిన ఇళ్లు మాత్రం వాటి యజమానులకు తిరిగి రాలేదు.

హైదరాబాదు అనుభవం

తెలుగు ప్రజలకు యీ విషయం పత్రికల్లో చదివి తెలిసినది కాదు, అనుభవించినది. 2001 ఆగస్టులో కృషి సహకార అర్బన్ బ్యాంకు కుప్పకూలింది. ఆ తర్వాతి రెండు మూడేళ్లలో చార్మినార్, ప్రుడెన్షియల్ వంటి సహకార అర్బన్ బ్యాంకులూ అదే దారి పట్టాయి. చిన్న వ్యాపారులు, పింఛనుదారులు, గల్ఫ్ కుటుంబాలు వీధిన పడ్డారు. అప్పట్లో బీమా లక్ష రూపాయలే. ఈ బ్యాంకులపై రిజిస్ట్రారు ద్వారా రాష్ట్ర ప్రభుత్వానికి కొంత అధికారం, రిజర్వు బ్యాంకుకు కొంత అధికారం వుండేది. ఇద్దరు కావలివారున్న తోటకు ఎవరూ కావలి లేనట్టయింది. సహకార బ్యాంకులపై రిజర్వు బ్యాంకుకు విస్తృతాధికారం ఇస్తూ చట్టసవరణ జరిగింది 2020లో.

2004లో గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు వంతు వచ్చింది. సికింద్రాబాదు కేంద్రంగా 1994లో ఆరంభమైన యీ ప్రైవేటు బ్యాంకుపై 2004 జులై 24న మారటోరియం విధించారు. ఆగస్టు 14 నాటికి దానిని ప్రభుత్వరంగంలోని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో విలీనం చేశారు. వాటాదారులకు ఏమీ దక్కలేదు. డిపాజిటుదారులకు ఒక్క రూపాయి కూడా పోలేదు. సహకార బ్యాంకు ఖాతాదారుకు లక్ష వరకే హామీ, పెద్ద ప్రైవేటు బ్యాంకు ఖాతాదారుకు మూడు వారాలలో పూర్తి రక్షణ! నష్టపోయినవాడి అవసరాన్ని బట్టి కాక, మునిగిన ఓడ పరిమాణాన్ని బట్టి సహాయం అందింది. పార్టీల తగాదాలో మరుగునపడేది సరిగ్గా యీ అంశమే.

ఫిఖ్‌హ్ ఏమంటుంది?

వడ్డీపై నడిచే బ్యాంకును షరీఅత్ సమర్థించదు. అయినా ప్రజల సొత్తును కాపాడడం షరీఅత్ లక్ష్యాలలో ఒకటి. ఇమామ్ గజాలీ పేర్కొన్న ఐదు రక్షణీయాలలో సొత్తు కూడా వుంది. కనుక బ్యాంకు వ్యవస్థ పట్ల అభ్యంతరం వున్నంతమాత్రాన దానిలో చిక్కుకున్న సామాన్యుని గతి మనకు పట్టదని అనడం సరికాదు.

మొట్టమొదట తేల్చవలసింది డిపాజిట్ స్వభావం. అది అమానతా, రుణమా? అమానతు అయితే, దాచిపెట్టినవాని అశ్రద్ధ లేకుండా పోయిన సొమ్ముకు అతడు బాధ్యుడు కాడు. రుణమైతే ఏ స్థితిలోనూ తీర్చవలసిందే. హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (ర) ఉదంతం బుఖారీలో వుంది. ప్రజలు తమ సొమ్ము దాచమని ఆయన వద్దకు తెచ్చేవారు. పోతే వారికి నష్టమన్న భయంతో దానిని అమానతుగా కాక అప్పుగానే ఆయన స్వీకరించేవారు. ఆయన మరణానంతరం లెక్క చూస్తే అప్పు ఇరవై రెండు లక్షలు తేలింది. కుమారుడు హజ్రత్ అబ్దుల్లాహ్ (ర) తండ్రి భూములు అమ్మి దానిని తీర్చారు. నాలుగు లక్షలు రావలసిన ఒక రుణదాత, కావాలంటే వదిలేస్తానన్నా ఆయన ఒప్పుకోలేదు. వారసులు పంపకం కోరితే, నాలుగేళ్లు హజ్ సమయంలో రుణదాతలకు పిలుపునిచ్చిన తర్వాతే పంచారు. నేటి బ్యాంకు డిపాజిట్ కూడా యీ కోవలోనిదే. బ్యాంకు దానిని వాడుకుంటుంది, కనుక అది రుణం. దానిని తీర్చే బాధ్యత ముందుగా బ్యాంకును నడిపి లాభం పొందినవారిది.

లాభం ఎవరిదో నష్టభారం కూడా వారిదేనన్నది ఫుఖహా అంగీకరించిన సూత్రం. మంచి సంవత్సరాలలో డివిడెండు పుచ్చుకున్న వాటాదారు, జీతభత్యాలు పెంచుకున్న అధికారి, చెడు సంవత్సరం రాగానే భారాన్ని బైతుల్‌మాల్‌పైకి నెట్టడం యీ సూత్రానికి విరుద్ధం.

మరి నిజంగా దివాలా తీసినవానిని ఏం చేయాలి? పండ్ల వ్యాపారంలో నష్టపోయి అప్పులపాలైన ఒక వ్యక్తి విషయంలో దైవప్రవక్త (స) అనుసరించిన పద్ధతి ముస్లిం హదీసు గ్రంథంలో నమోదైంది. అతనికి దానం చేయమని ప్రజలను కోరారు. అది అప్పుకు చాలలేదు. అప్పుడు రుణదాతలను, దొరికినంత తీసుకొని అంతటితో సరిపెట్టుకోమన్నారు. ఇందులో మూడు మెట్లున్నాయి: సమాజం సాయపడింది, అతని వద్ద వున్నది అప్పులకు పోయింది, రుణదాతలూ కొంత నష్టాన్ని భరించారు. భారం ఒక్కరి నెత్తిన పడలేదు.

జకాత్ వ్యయాలలో రుణగ్రస్తులకు దివ్యఖుర్ఆన్ (9:60) ప్రత్యేక స్థానం ఇచ్చింది. దుబారాకో, పాపకార్యానికో చేసిన అప్పు అయితే తౌబా చేసినగాని సాయానికి అర్హత లేదని అనేకమంది ఫుఖహా అభిప్రాయం. ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ కాలంలో ఇరాక్ ఖజానాలో సొమ్ము మిగిలినప్పుడు, తెలివిమాలినతనం, దుబారా లేకుండా అప్పుపడినవారి బాకీలు తీర్చమని ఆయన ఆదేశించినట్టు అబూ ఉబైద్ తన కితాబుల్ అమ్వాల్‌లో నమోదు చేశారు. సహాయానికి ముందు విచారణ వుండాలన్నది దీని సారాంశం. అందరినీ ఆదుకోవాలనే పార్టీకీ, ఎవరినీ ఆదుకోరాదనే పార్టీకీ ఇందులో జవాబుంది.

బోధన్, రుణమాఫీ

ఈ సూత్రాలను నిజామాబాదు జిల్లాలోనే పరీక్షించి చూడవచ్చు. నిజాం కాలంలో వెలసిన బోధన్ చక్కెర కర్మాగారాన్ని 2002లో తెలుగుదేశం ప్రభుత్వం ప్రైవేటు భాగస్వామికి అప్పగించింది. 2015 డిసెంబరులో తెరాస ప్రభుత్వకాలంలో అది మూతపడింది. 2019లో లిక్విడేషన్ ఉత్తర్వు వచ్చింది. ప్రతి పక్షమూ మరో పక్షాన్ని నిందిస్తూనే వుంది. 2016 నాటి దివాలా చట్టం ప్రకారం ఆస్తులు అమ్మగా వచ్చిన సొమ్ములో లిక్విడేషన్ ఖర్చులు పోగా, కార్మికుల 24 నెలల బకాయిలు, తాకట్టు పెట్టుకున్న బ్యాంకుల బాకీలు సమానస్థాయిలో నిలుస్తాయి. సరుకు అరువిచ్చి డబ్బు రానివారు వారి వెనుక నిలబడాలి. ఫిఖ్‌హ్‌లోనూ దీనిపై చర్చ వుంది. దివాలాదారు వద్ద తన సరుకు చెక్కుచెదరక కనిపిస్తే అమ్మినవానికే దానిపై ముందు హక్కని మాలికీ, షాఫయీ, హంబలీ మతాలు. అతడూ ఇతర రుణదాతలతో సమానుడేనని హనఫీ మతం.

రైతు రుణమాఫీ కూడా ఒక విధంగా బ్యాంకును ఆదుకోవడమే. పేరు రైతుది, సొమ్ము చేరేది బ్యాంకుకు. 2008లో కేంద్రంలోని కాంగ్రెసు కూటమి రెండు హెక్టార్ల లోపు రైతులకే పూర్తి మాఫీ ఇచ్చింది. ఆరెకరాల మెట్ట రైతుకు పాతిక శాతం రాయితీయే దక్కింది. 2014లో తెరాస లక్ష వరకు మాఫీని నాలుగు విడతలుగా అమలుచేయగా, విడతల మధ్య వడ్డీ పెరిగిపోయిందని ప్రతిపక్షాలు విమర్శించాయి. 2024లో కాంగ్రెసు ప్రభుత్వం 2 లక్షల వరకు దశలవారీగా మాఫీ చేయగా, ఎందరో మిగిలిపోయారని ఈసారి భారాస విమర్శించింది. పాత్రలు మారాయి, సంభాషణలు మారలేదు. ఇబ్బందిలో వున్న రుణగ్రస్తునికి గడువివ్వమని, మాఫీ చేస్తే మరీ మేలని ఖుర్ఆన్ (2:280) బోధిస్తుంది. అయితే ఆ మాట చెప్పింది రుణదాతకు. రుణదాత అసలూ వడ్డీ పూర్తిగా వసూలు చేసుకొని, ఆ భారాన్ని మూడవవాడు మోస్తే, మాఫీ చేసినవాడు ఎవరు?

నిలిచిపోయిన డిపాజిట్‌పై జకాత్

బ్యాంకు మూతపడిన కుటుంబాలకు ఎదురయ్యే మరో సమస్య జకాత్. రాబట్టుకునే ఆశ లేని సొమ్ము చేతికి వచ్చినప్పుడు గడచిన సంవత్సరాలకు జకాత్ లేదని హనఫీ ఫుఖహా, ఒక్క సంవత్సరానికి చెల్లించాలని ఇమామ్ మాలిక్, అన్ని సంవత్సరాలకూ చెల్లించాలని షాఫయీలు అన్నారు. బీమా కింద తప్పక వచ్చే భాగాన్ని ఆశలేని సొమ్ముగా పరిగణించడం కష్టం. అంతకుమించిన భాగం విషయంలోనే పై అభిప్రాయాలకు తావుంది. ఎవరి పరిస్థితిని బట్టి వారు స్థానిక ముఫ్తీని సంప్రదించడం శ్రేయస్కరం.

ముగింపు

పై చర్చ నుండి తేలేది యిది. నష్టం వచ్చినప్పుడు మొదట వాటాదారులు, నిర్వాహకులు భరించాలి. మోసం చేసినవాని సొంత ఆస్తి అప్పులకు పోవాలి. చిన్న డిపాజిటుదారుడు, అతని బ్యాంకు చిన్నదైనా పెద్దదైనా, సమానంగా రక్షణ పొందాలి. ప్రజాధనం చిట్టచివరి ఆసరా కావాలి. అదీ విచారణ జరిగిన తర్వాతనే, ప్రజలకు లెక్క చెప్పిన తర్వాతనే.

వడ్డీకి వెరచి బ్యాంకులను వదిలి, హలాల్ లాభాల పేరిట వెలసిన సంస్థలలో సొమ్ము పెట్టి 2018-19లో హైదరాబాదు, బెంగళూరు నగరాలలో వేలాది ముస్లిం కుటుంబాలు మోసపోయిన సంగతి మరువరాదు. అక్కడ బీమా కూడా లేదు. పేరు మారినంతమాత్రాన అమానతు నిలవదు. లెక్క చూపడం, తనిఖీకి ఒప్పుకోవడం, అప్పును అప్పుగా గుర్తించడం వల్లనే నిలుస్తుంది. హజ్రత్ జుబైర్ (ర) కుటుంబం నాలుగేళ్లు రుణదాతలను వెదికి మరీ సొమ్ము చెల్లించింది. రుణదాతలే తమ సొమ్ము కోసం ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ తిరగవలసిన రోజులివి. ఏ పార్టీ అధికారంలో వున్నా యీ తేడాను తగ్గించగలిగినదే న్యాయమైన విధానం.